ఇరుకు శుక్రవారం

సోమవారం పొద్దున ఇంగున్ కాఫీ ఒక గుక్క మింగింది. రెండో గుక్క నోట్లోనే ఉండిపోయింది.

లాండ్రీ కౌంటర్ మీది తెరలో ఆ వారమంతా నిలువు గడులుగా పరుచుకుని ఉంది. సోమవారం కింద కొన్ని ఆర్డర్లు, మంగళ, బుధవారాల కింద మరికొన్ని. గురువారం క్రీస్తు స్వర్గారోహణ పండగ, ఊరంతా సెలవు కాబట్టి ఆ గడి బూడిదరంగులో ఖాళీగా ఉంది. దాని పక్కన శుక్రవారం గడి మాత్రం కిందికి జరిపిన కొద్దీ ఇంకా జరుగుతూనే ఉంది. బ్యూనాద్, బ్యూనాద్, బ్యూనాద్, రెండు సూట్లు, మళ్ళీ బ్యూనాద్. ఆదివారం మే పదిహేడు, జాతీయ దినోత్సవం. ఆ రోజు జెండాల ఊరేగింపులో మోల్డె ఊరి ఆడవాళ్ళు వేసుకోవలసిన ఉన్ని పండగబట్టలు, పువ్వుల కుట్టుతో, బరువైన కుచ్చుల పావడాలతో, అన్నీ ఆ ఒక్క శుక్రవారానికే ఇస్తామని ఒప్పుకుని ఉంది.

ఆ శుక్రవారం షాపే తెరవరు.

గురువారం సెలవు, శనాదివారాలు ఎలాగూ సెలవు. మధ్యలో ఇరుక్కుపోయిన ఒక్క శుక్రవారం నాడు పనిచేసే మొహం ఈ దేశంలో ఎవరికుంది? అది క్యాలెండర్‌లో ఎర్ర అంకె కాదు. ఏ కాగితం మీదా ఉండదు. ఆ రోజుకి ఎవరూ సెలవు అడగరు, ఎవరూ ఇవ్వరు. బుధవారం సాయంత్రం చేతులు తుడుచుకుని కొండల్లో క్యాబిన్లకి పోతారు. శనివారం పొద్దున ఒకరు వచ్చి, తయారైన బట్టలు అందించడానికి కౌంటర్ మాత్రం తెరుస్తారు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు. సాఫ్ట్‌వేర్‌కి కూడా ఎవరూ చెప్పలేదు.

చెప్పవలసిన మనిషి ఇంగునే. మార్చిలో ఈ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు గడువులన్నీ ఆమే పెట్టింది. చొక్కాకి మర్నాడు, కోటుకి మూడో రోజు, బ్యూనాద్‌కి రెండు వారాలు. ఎర్ర అంకెలన్నీ వెతికి ఒక్కొక్కటే మూసేసింది. బ్యూనాద్‌లు పదిహేడో తేదీ దాటకూడదు కాబట్టి, అంతకు ముందు వచ్చే ఆఖరి పనిరోజుకల్లా ఇచ్చెయ్యాలని ఇంకో గడిలో గీత పెట్టింది. అది పెట్టినప్పుడు తన తెలివికి తనే మురిసిపోయింది కూడా. సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే విన్నది. ఆఖరి పనిరోజు ఏదా అని చూసింది, శుక్రవారం కనిపించింది, మిగిలినవన్నీ తెచ్చి అక్కడ కుప్ప పోసింది. అంతటితో ఊరుకోకుండా ప్రతి ఇంటికీ మెసేజ్ కూడా పంపించింది.

బయట కారు ఆగిన చప్పుడైంది. ఇంగున్ గబుక్కున తెర మార్చి మామూలు పేజీ పెట్టింది.

షాపు యజమాని హల్వార్ ఈల వేసుకుంటూ లోపలికి వచ్చాడు. అతని కారు కప్పు మీద సామాన్ల పెట్టె అప్పుడే బిగించి ఉంది. రోజూ లాగే ముందు వెనక గదిలోకి వెళ్ళి బాయిలర్ వెలిగించాడు. ఆవిరి గొట్టాలు టకటకమని దగ్గి వేడెక్కాయి. తర్వాత కౌంటర్ దగ్గరకొచ్చి, అడక్కుండానే మౌస్ అందుకున్నాడు.

"ఇదేంటి, ఇస్త్రీ బల్ల పక్కన ఎర్రగా ఉంది?"

"ఎక్కడ?"

"ఇదిగో. ఇస్త్రీ: వెనకబడింది. పోయిన వారం కూడా ఇలాగే ఉంది." శుక్రవారం గడి తెరిచి కిందికి జరుపుతూ పోయాడు. ఈల ఆగింది. "ఓరి దేవుడా! ఇన్ని మిగిలాయా? బొజేనా ఏం చేస్తోంది ఇన్నాళ్ళూ?"

ఇప్పుడు చెప్పెయ్యాలి. ఇంగున్ నోరు తెరిచింది కూడా. అయితే జూన్ నుంచి షాపు బాధ్యతంతా నీదేనని హల్వార్ పోయిన వారమే అన్నాడు. ఈ సాఫ్ట్‌వేర్‌ని దారిలో పెట్టింది నువ్వే కాబట్టి, అన్నాడు. ఆ మాట చెవిలో ఇంకా తియ్యగానే ఉంది. తెరిచిన నోటితో, "మే నెల కదా, ఎక్కువే వస్తాయి," అని మూసుకుంది.

"బొజేనా!" అని హల్వార్ కేకేశాడు.

బొజేనా తడి గుడ్డ చేత్తోనే వచ్చింది. పోలండ్ నుంచి వచ్చి ఈ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి పన్నెండేళ్ళయింది. జబ్బలు గట్టివి, మాట మెత్తన. ఇక్కడ అందరూ అందరినీ పేరు పెట్టే పిలుస్తారు. ఆమె మాత్రం యజమానికి గారు తగిలించడం మానలేదు.

"చెప్పండి హల్వార్ గారూ."

"శుక్రవారం నువ్వు రావాలి."

"ఏ శుక్రవారం?"

"ఈ శుక్రవారమే. చూడు, నీ పని ఎంత మిగిలిపోయిందో."

బొజేనా తెర వంక చూసింది. ఆమె రోజూ చూసేది బట్టల్ని, తెరని కాదు. ఆ ఎరుపు దేనికో ఆమెకి అర్థం కాలేదు.

"ఈ శుక్రవారం షాపు ఉండదు కదండీ. నాకు గురువారం పొద్దున విమానం. ఆదివారం మా మనవరాలు హాన్యాకి చర్చిలో మొదటి దివ్యప్రసాదం. జనవరిలోనే మీకు చెప్పాను, కేకు కూడా తెచ్చాను."

"చెప్పావు, కాదనను. కానీ సెలవు పెట్టలేదుగా? ఇందులో లేదు." తెర మీద వేలితో కొట్టాడు. "పెట్టి ఉంటే ఆ రోజుకి ఇన్ని ఒప్పుకునేవాళ్ళమే కాదు."

"ఆ రోజుకి సెలవు ఎవరు పెడతారండీ?"

హల్వార్ మౌస్ వదిలేశాడు. గొంతు మెత్తబడింది. "చూడు బొజేనా, నాకూ మనసుకి బాగాలేదు. కానీ పదిహేడు నాడు ఆడవాళ్ళు ఏం వేసుకుని వస్తారు, రాత్రి గౌన్లా? నువ్వు వెనకబడకుండా ఉంటే ఈ గొడవే లేదు. మనవరాలికి వేసవిలో పెద్ద బహుమతి తీసుకెళ్ళు."

బొజేనా ఇంగున్ వైపు చూసింది. సాయం అడిగే చూపు కాదు. నేను విన్నది నువ్వూ విన్నావా అనే చూపు. ఇంగున్ టిక్కెట్ల కాగితం చుట్ట అయిపోకపోయినా తీసి మళ్ళీ ఎక్కించింది.

మంగళవారం ఇంగున్ తొందరగా వచ్చింది. ఎవరూ రాకముందే తప్పు సరిదిద్దుకుంటే ఎవరికీ తెలియదు కదా. పనిరోజుల పేజీ తెరిచి, శుక్రవారం పక్కన 'మూత' అని గీత పెట్టింది. తెర మధ్యలో ఒక చిన్న పెట్టె లేచింది.

ఈ మార్పు వల్ల 41 ఆర్డర్ల గడువు మారుతుంది. బుధవారం వరకు ఖాళీ లేదు. కొత్త తేదీ: సోమవారం, మే 18. అందరికీ మీ పేరుతో సందేశం వెళ్తుంది. కొనసాగించాలా?

మే పద్దెనిమిది! పెళ్ళి అయిపోయాక పట్టుచీర ఇస్తామన్నట్టుంది. అంతమంది ఫోన్లు ఒక్కసారి మోగడం, అందులో తన పేరు ఉండడం ఆమె కళ్ళకి కట్టింది. 'వద్దు' నొక్కింది. మొదటిసారి గురి తప్పింది కూడా. రెండోసారి నొక్కాక పెట్టె పోయింది. ఆమె కుర్చీ వెనక్కి జరిపి, చలేసినట్టు చేతులు రెండూ చంకల్లో పెట్టుకుంది.

ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తేనో? ఏమని చెప్పాలి? హల్వార్‌కి నెమ్మదిగా చెబితేనో? నిన్న చెప్పవలసింది ఇవాళ చెబితే, నిన్న ఎందుకు దాచావని అడుగుతాడు. ఒక రోజు ఆలస్యానికే తప్పు రెండింతలైంది. రేపటికి ఎంతవుతుందో!

రోజంతా ఆమె చెవులు వెనక గదిలోనే ఉన్నాయి. బొజేనా బల్ల మీద ఆవిరి బుస్సుమనడం, తొక్కుడు మీట టక్కుమనడం, మళ్ళీ బుస్సుమనడం. బ్యూనాద్ పావడా ఇస్త్రీ అంటే చొక్కా ఇస్త్రీ కాదు. ఒక్కో కుచ్చునీ పాత మడత మీదే పరిచి, పిన్ను గుచ్చి, తడి గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె పెట్టి ఎత్తాలి తప్ప లాగకూడదు. లాగితే ఉన్ని మెరుపెక్కుతుంది. ఒకటి పూర్తయ్యేసరికి బొజేనా మెడ వెనక జుట్టు తడిసి అంటుకుపోతుంది. రెండు రోజులుగా ఆమె మధ్యాహ్నం రొట్టె నిలబడే తింటోంది.

వెండి బ్రూచ్‌ల డబ్బా అందించే వంకతో ఇంగున్ లోపలికి వెళ్ళింది. కొసన ఉన్న కొక్కేనికి, తెల్లటి కవరులో, చిన్న గౌను ఒకటి వేలాడుతోంది. నెలరోజులుగా అక్కడే ఉంది. బొజేనా సాయంత్రాలు ఉండి కుట్టుకున్న గౌను అది.

"దీన్ని మా ఊరికి వెళ్ళే క్రిస్టీనా వ్యాన్‌లో పంపిస్తున్నా," అంది బొజేనా, చేస్తున్న పని ఆపకుండా. "రేపు మధ్యాహ్నం బయల్దేరుతుంది. గౌను చేరితే చాలు. పిల్ల వేసుకుంటుంది."

"మీ అమ్మాయికి చెప్పావా?"

"చెప్పా. అది ఏడ్చింది. హాన్యా ఏడవలేదు. ఫోన్ తీసుకుని, అమ్మమ్మా, నీకు పని చేతకాదా, ఎందుకు వెనకబడ్డావు, అని అడిగింది." ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుంది. "నేను వెనకబడ్డానా ఇంగున్? నువ్వు అక్కడ కూర్చుంటావు కదా, నీకు కనిపిస్తుంది. నిజం చెప్పు. పోయిన ఏడు కంటే ఎక్కువే చేశాననుకుంటున్నా. వయసు మీద పడి నాకే తెలీట్లేదేమో."

"అదేం లేదు," అంది ఇంగున్.

"మరి ఎరుపెందుకు?"

"సాఫ్ట్‌వేర్ కదా. అది... దానికేం తెలుసు."

అబద్ధం కాదు, నిజమూ కాదు. డబ్బా అక్కడ పెట్టేసి వచ్చేసింది. కౌంటర్ దగ్గర ఒకాయన సూటు ఇవ్వడానికి నిలబడి ఉన్నాడు. ఆ సూటు జేబులు వెతుకుతున్నంతసేపూ ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. పన్నెండేళ్ళు పని చేసిన మనిషికి తన చేతుల మీద తనకే అనుమానం వచ్చేలా చేసింది, ఇంగున్ పెట్టిన గీత ఒకటి.

సాయంత్రం బొజేనా వెళ్ళాక ఇంగున్ ఆగిపోయింది. బాయిలర్‌లో ఇంకా కొంచెం ఆవిరి ఉంది. తనే కొన్ని ఇస్త్రీ చేసేస్తే? ఇంతకాలం పక్కనే ఉండి చూసింది, ఆ మాత్రం రాదా? ముందు చెయ్యి తిరగడానికి తన బ్యూనాద్‌నే తీసుకుంది. అదీ శుక్రవారం వరసలోనే ఉంది. పావడా పరిచింది. కుచ్చు సరిచేసింది, పిన్ను గుచ్చింది, తడి గుడ్డ వేసింది. మొదటి కుచ్చు బాగానే వచ్చిందనిపించింది. నాలుగోదానికి వచ్చేసరికి పాత మడత పక్కనే కొత్త మడత పడింది. దాన్ని సర్దబోతే పక్కది జరిగింది. చివరికి పావడా ఎత్తి వెలుతురులో పట్టుకుంటే ముందు భాగమంతా జంట గీతలే. ఒక చోట అరచేయంత మెరుపు కూడా తేలింది. దాన్ని అలాగే హ్యాంగర్‌కి తగిలించి, దీపాలు ఆర్పి ఇంటికి పోయింది.

బుధవారం పొద్దున కౌంటర్ ముందు జనం పెరిగారు. పనైపోయిన బ్యూనాద్‌లు తీసుకునేవాళ్ళు, చేతుల మీద బిడ్డని మోసినట్టు మోసుకుపోతున్నారు. హల్వార్ మధ్యమధ్య వచ్చి పోతున్నాడు. ఒకసారి అతని చేతిలో చేపలు పట్టే గాలపు కర్ర ఉంది, ఒకసారి ఐసుపెట్టె. కారు వెనక తలుపు తెరిచే ఉంది.

మధ్యాహ్నం బయట వ్యాన్ హారన్ కొట్టింది. వెనక గదిలో ఆవిరి చప్పుడు ఆగింది. బొజేనా చేతులు తుడుచుకుని కొసన కొక్కెం దగ్గరికి వెళ్ళింది. కవరు పైకెత్తి, గౌను మెడ దగ్గర ఒక్క ముడత కనబడితే, అక్కడే నిలబడి బొటనవేలితో నిమిరింది. అది పోలేదు. మళ్ళీ బల్ల దగ్గరికి తెచ్చి, ఆవిరి పట్టి, ముడత పోయాక కవరు దించి, రెండు చేతుల మీదా పడుకోబెట్టుకుని కౌంటర్ దాటి తలుపు వైపు నడిచింది.

"ఆగు," అంది ఇంగున్.

"వ్యాన్ ఆగదు. ఓడ అందుకోవాలి వాళ్ళు."

"ఆగమంటున్నానా! గౌను ఇవ్వకు. నువ్వే తీసుకెళ్తావు."

తలుపు దగ్గరే బొజేనా నిలబడిపోయింది. ఇంగున్ పనిరోజుల పేజీ తెరిచింది. శుక్రవారం, మూత. పెట్టె లేచింది. కొనసాగించాలా? ఈసారి 'అవును' నొక్కింది.

మొదట మోగింది తన జేబే. 'ఇంగున్ గారూ, మీ బ్యూనాద్ సోమవారం, మే 18న సిద్ధంగా ఉంటుంది. ఇట్లు, ఇంగున్.' తర్వాత క్యూలో ఉన్న ఒకావిడ సంచిలో మోగింది. తర్వాత వెనక గది నుంచి హల్వార్ ఫోన్ మోగింది. అతని భార్య రాండి బట్టలు కూడా అతని నంబరు మీదే ఉన్నాయి.

హల్వార్ ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"ఇదేంటి? పద్దెనిమిదా? ఎవరు పంపారిది?"

"నేనే."

"అందరికీ వెళ్ళిందా?"

"నలభై ఒక్క మందికి. నాకు కూడా."

"నీకు మతిపోయిందా?"

"మార్చిలో పోయింది," అంది ఇంగున్. "గడువులు పెట్టినప్పుడు ఎర్ర రోజులే మూశాను, ఈ శుక్రవారం మూయడం మర్చిపోయాను. అందుకే అన్నీ అక్కడ పోగై, ఒక్క రోజుకి మించిపోయి ఎర్రగా చూపిస్తోంది. బొజేనా వెనకబడలేదు హల్వార్. ఒక్క రోజు కూడా వెనకబడలేదు. లేని రోజుకి నేను మాట ఇచ్చాను. సోమవారమే చూశాను, భయమేసి నోరు మూసుకున్నాను."

వ్యాన్ మళ్ళీ హారన్ కొట్టింది.

హల్వార్ మొహం కందిపోయింది. "మర్చిపోతే మర్చిపోయావు. దానికి ఇలా ఊరంతా చాటిస్తావా? శుక్రవారం ఆవిడ వస్తే సరిపోయేది కదా! ఒక్క రోజు!"

"వస్తే బాయిలర్ ఎవరు వెలిగిస్తారు?"

"అదేం ప్రశ్న? నేనే కదా రోజూ..."

"శుక్రవారం కూడా వస్తావా?"

"శుక్రవారం నేను క్యాబిన్‌లో..." అని ఆగిపోయాడు.

అద్దం తలుపులోంచి కారు కప్పు మీది పెట్టె, తెరిచిన వెనక తలుపు, అందులో గాలపు కర్ర కొస, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. హల్వార్ అటు చూశాడు. చెడ్డవాడు కాదు. బొజేనాని ఆపినప్పుడు తన సెలవు అతనికి సెలవుగానే తోచలేదు, అంతే. దాని కోసం అతను కూడా ఎవరినీ అడగలేదు. ఫోన్‌ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి, బొజేనాని దాటి, వ్యాన్ వాళ్ళని వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపాడు.

కౌంటర్ ఫోన్ మోగింది. ఇంగున్ ఎత్తింది.

"ఏమ్మా, పద్దెనిమిదిన ఏం చేసుకోను నేను, కిటికీకి తెరగా కట్టుకోనా?" ఎనభై దాటిన ఆస్లౌగ్ గొంతు అది.

"తప్పు నాదేనండీ. ఉతకడం అయింది. ఇస్త్రీ ఒక్కటే కాలేదు. ఇవాళ సాయంత్రం లోపు గానీ శనివారం గానీ అలాగే తీసుకెళ్తారా?"

"ఇస్త్రీ ఎవరడిగారు నిన్ను? మా అమ్మ పరుపు కింద పెట్టి పడుకునేది, తెల్లారేసరికి కత్తిలా ఉండేవి కుచ్చులు. అయినా పదిహేడున ఏ ఏడు వాన పడలేదు చెప్పు. వస్తా ఉండు, కాఫీ పెట్టు."

తర్వాత ఫోన్ చేసినాయన ఈ మెసేజ్ గురించి కాదు, ముందటి మెసేజ్ గురించి అడిగాడు. "శుక్రవారం అని పంపించారేంటమ్మా? అది చూసి ఇంట్లో అందరం నవ్వుకున్నాం. ఆ రోజు మేం క్యాబిన్‌లో ఉంటాం. మీరు కూడా ఉండరు కదా! శనివారమే వద్దామనుకున్నాం."

ఇంకొకావిడ కూడా అదే అంది. మరొకావిడ ఇస్త్రీ చేసి ఇచ్చినా కారులో మడత పెట్టి తీసుకుపోవలసిందే, అలాగే ఇచ్చెయ్యమంది. ఫోన్ మోగిన కొద్దీ ఇంగున్‌కి ఒక సంగతి తేటపడసాగింది. ఆ శుక్రవారం రోజు బట్టలు తీసుకోవడానికి తలుపు దాకా వచ్చే మనిషే లేడు. ఊరు ఊరంతా దాన్ని చూసి, పొరపాటే అయ్యుంటుందిలే అని నవ్వుకుని వదిలేసింది. దానికి భయపడినవాళ్ళు ముగ్గురే, ఈ షాపులోనే.

అందరూ నవ్వలేదు. ఒక తల్లి అరిచింది. కూతురికి మొదటి బ్యూనాద్, అమ్మమ్మ మూడేళ్ళు కుట్టింది, దాన్ని గుడ్డపీలికలా వేసుకుని ఊరేగింపులో నడవాలా, ఇంక మీ గుమ్మం తొక్కనంది. ఇంగున్ ఎదురు చెప్పలేదు. క్షమించమని అడిగింది. ఆవిడ క్షమించకుండానే పెట్టేసింది.

"ఆ పిల్లది ఎక్కడుంది? ముందు అది ఇలా తీసుకురా," అంది వెనకనుంచి బొజేనా. గౌను తిరిగి కొక్కేనికి చేరింది. చేతులు అప్పటికే తడి గుడ్డ పిండుతున్నాయి. "తప్పనిసరిగా కావాలన్నవాళ్ళవి ఒక పక్కన పెట్టు. సాయంత్రం దాకా ఎన్నైతే అన్ని. నా విమానం రేపు కదా."

ఆమె ఇంగున్‌తో ఇంకేమీ అనలేదు. థాంక్స్ చెప్పలేదు, తిట్టలేదు. బ్యూనాద్‌లు అందిస్తుంటే తీసుకుంది. ఒక్కసారి మాత్రం, పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని, "సోమవారమే చెప్పి ఉండాల్సింది," అంది.

"అవును."

"హాన్యాకి ఇప్పుడు ఏం చెప్పను? వెనకబడ్డది నేను కాదు, ఇంగున్ అని చెప్తా."

"చెప్పు."

బొజేనా పిన్నుల వెనకనుంచి నవ్వినట్టే ఉంది. ఆవిరిలో సరిగ్గా కనబడలేదు.

హల్వార్ క్యాబిన్‌కి రాత్రికి గానీ కదలలేదు. సాయంత్రం దాకా బాయిలర్ దగ్గరే కూర్చుని, ఆవిరి దిగకుండా చూశాడు. వెళ్ళేముందు బొజేనా గౌనుకి ఇంకో కవరు తొడిగి ఇచ్చాడు. ఇంగున్‌తో, "జూన్ సంగతి సోమవారం మాట్లాడదాం," అన్నాడు. మొహంలో ఏమీ తెలియలేదు.

పదిహేడున పొద్దున్నే చినుకులు మొదలయ్యాయి. బడిపిల్లల బాజా తడిసిన డప్పులతో ముందు నడుస్తోంది. ఇంగున్ గొడుగు కింద, జంట గీతల పావడాతో, ఎడం చేతిని ఆ మెరుపు మచ్చ మీద ఆనించి నడుస్తోంది. తెలిసినవాళ్ళు ఎదురైన ప్రతిసారీ వాళ్ళ కళ్ళు కిందికి జారి పైకి రావడం చూస్తోంది. మెసేజ్ ఎవరు పంపారో ఊరంతటికీ తెలుసు.

చర్చి మలుపు దగ్గర హల్వార్, రాండి కనిపించారు. రాండి కుచ్చులు ఎటు పడితే అటు ఉన్నాయి.

"నీదీ నాదీ ఒకే ఇస్త్రీయా?" అంది రాండి, ఆమె పావడా వంక చూసి.

"నాది ఇస్త్రీ చేశాక ఇలా అయింది."

రాండి పగలబడి నవ్వింది. హల్వార్ నవ్వలేదు గానీ, జెండా ఊపి పలకరించాడు. రేపు అతను ఏమంటాడో అన్న భయం ఇంగున్‌ని వదల్లేదు. అయితే సోమవారం నుంచి తిష్ఠ వేసిన భయం కాదది. దీనికి మొహం ఉంది, ఒక వేళ ఉంది, వెళ్ళి ఎదురుగా కూర్చోవచ్చు. కాస్త ముందు ఆ అరిచిన తల్లి, పక్కన కొత్త బ్యూనాద్ పిల్ల నడుస్తున్నారు. పిల్ల కుచ్చులు అడుగడుక్కీ విచ్చుకుని మళ్ళీ చక్కగా చేరుకుంటున్నాయి. తల్లి వెనక్కి తిరిగి ఇంగున్‌ని చూసింది, చూసీ చూడనట్టు ముందుకు తిరిగింది.

జేబులో ఫోన్ మోగింది. ఎడం చెయ్యి మచ్చ మీంచి తీసి ఫోన్ అందుకుంది.

ఫోటో. ఎండలో చర్చి మెట్లు. తెల్లగౌను పిల్ల, తల మీద పువ్వుల కిరీటం, ముందు పళ్ళు రెండు లేవు. పక్కన వంగి బొజేనా. కింద రాత ఏమీ లేదు. చినుకులు పడుతుంటే తుడుచుకుని, ఇంగున్ అలవాటు కొద్దీ ముందు గౌనునే చూసింది. మెడ దగ్గర ముడత లేదు. చేతులు బాగున్నాయి. అంచు తిన్నగా ఉంది. నడుం దగ్గర మాత్రం బట్ట బాగా నలిగిపోయి ఉంది. బొజేనా చెయ్యి అక్కడే ఉంది, పిల్లని గట్టిగా పట్టుకుని.